అరంగుళం పైపు మీద పడుకున్న ఎలుగుబంటి

తేగ్వల్యోంగ్ కనుమ మీద ఆ ఏడు తొలి మంచు పడ్డ మధ్యాహ్నం ఊరి చావడిలో జనమంతా ఒకే మూలకి చేరి కూర్చున్నారు. ఇంకో మూల కూర్చోవడం ఎవరివల్లా అయ్యే పని కాదు. బాయిలర్ పక్క గోడవారగా నాలుగు బొంతల మేర నేల చురుక్కుమంటుంది. అక్కణ్ణుంచి తలుపు దాకా మాత్రం చేప మీద చెయ్యి పెట్టినట్టే ఉంటుంది. ఆ చల్లటి వైపు ముల్లంగి ఊరగాయ, కిమ్చీ, డబ్బాలకెత్తి పెట్టుకుంటారు, పులిసిపోకుండా చాలా రోజులు నిలవుంటాయని.

వెచ్చటి మూలలో మరీ వెచ్చటి చోటు మేంగ్ అవ్వది. ఊళ్ళో అందరికంటే పెద్దది ఆవిడే. ఆవిడ లేస్తేగానీ అక్కడ ఇంకొకరు కూర్చోకూడదు. ఆవిడ లేవదు.

ఆ రోజు మాట్లాడుకోడానికి కూర్చున్నది ఆ నేల గురించే. ముదురు చలి రాకముందే చావడి నేల పగలగొట్టి కింద వేడినీళ్ళ పైపులు కొత్తగా వెయ్యాలని తీర్మానం అయిపోయింది. ఏ పైపు వెయ్యాలి, ఎవరు వెయ్యాలి అన్నదే మిగిలింది. ఊరిపెద్ద ప్యో పట్నం వెళ్ళి ఒక కాంట్రాక్టర్ని అడిగి వచ్చాడు.

"చావడంతా ముప్పావంగుళం పైపు పరిచేద్దామన్నాడు. లావు పైపులో వేడినీళ్ళు ఎక్కువ పడతాయి, ఎక్కువ నీళ్ళంటే ఎక్కువ వేడి. ఇందులో తిరకాసేముంది?" అన్నాడు ప్యో, ఇక లేచిపోదామన్న ధోరణిలో.

తిరకాసు గోడకి ఆనుకుని కూర్చుని చిలగడదుంప తొక్క తీసుకుంటోంది. దాని పేరు తక్ పాన్సు. డెబ్భై దాటాయి. ఒకప్పుడు ఈ కనుమ మీద ఎవరింటి నేల వెచ్చగా ఉన్నా అది పాన్సు వేసిన నేలే. తర్వాత మోకాళ్ళు అరిగాయి, కుర్ర పనివాళ్ళు వచ్చారు, పిలిచేవాళ్ళు తగ్గి తగ్గి ఆగిపోయారు. చావడి నేల పగలగొడుతున్నారని విన్న దగ్గర్నుంచీ ఆయనకి కంటిమీద కునుకు లేదు. ఆ ఒక్క నేల తన చేతుల మీదుగా పడాలి. కానీ "నాకివ్వండయ్యా ఆ పని" అని అడగడం ఆయన నోటికి అలవాటు లేదు. ఆ నోటికి వచ్చిన విద్య ఒక్కటే, కోతలు కొయ్యడం.

పైగా ఆ రోజు భార్య బుల్లే ఉప్పు రొయ్యలు కొనడానికి కొండ దిగి కాంగ్నుంగ్ బజారుకెళ్ళింది. సాయంత్రం బస్సుకిగానీ రాదు. నోటికి పగ్గం లేదు.

"తమ్ముడూ ప్యో" అన్నాడు పాన్సు, చిలగడదుంప కింద పెట్టి. "నూడుల్స్ సన్నగా ఎందుకు చేస్తారో ఎప్పుడైనా ఆలోచించావా? మణికట్టంత లావున చేస్తే ఉడికేసరికి చుట్టాలు లేచి వెళ్ళిపోతారు. పైపూ అంతే. లావు పైపు నిండా నీళ్ళు కాగాలంటే బాయిలర్ పొద్దుటి నుంచి ఆయాసపడాలి. అలాగని సన్నపైపు ఒక్కటే చావడంతా తిప్పావనుకో, వేడంతా ఈ గోడ దగ్గరే దిగిపోయి నీళ్ళు తలుపు దగ్గరికి ఉత్త చేతులతో వస్తాయి. అదిగో, కిమ్చీ డబ్బాల దగ్గర జరిగేది అదే."

"మరి ఏం చెయ్యమంటావు? లావూ వద్దు, సన్నం వద్దు, బొంతలు కప్పుకుని పడుకోమంటావా?" అన్నాడు హ్యోన్. మంచులో మ్యోంగ్తే చేపలు ఆరవేసే దడులు వాళ్ళవే, కనుమ దిగువన.

"రెండూ కావాలి. బాయిలర్ నుంచి అంగుళం పైపు, రాచబాటలా. అక్కడ చీల్చి అరంగుళం పైపులు, పొట్టి పొట్టి పాయలు, అన్నీ ఒకే పొడుగు. ఈ కొలత నేనెక్కడ పట్టానో తెలుసా?"

"చెప్పకు" అంది మేంగ్ అవ్వ.

"అవ్వ అడిగింది కాబట్టి చెప్తున్నా" అని పాన్సు కాళ్ళు మడిచి సర్దుకున్నాడు. ప్యో గోడగడియారం వంక చూసి, బార్లీ టీ ఇంకో గ్లాసు పోసుకున్నాడు. హ్యోన్ పేకముక్కలు బోర్లా పెట్టేశాడు.

"అప్పట్లో ఈ కనుమ మీద అందరూ బొగ్గుబిళ్ళలే కదా కాల్చేది. దారి మలుపులో ఒక చేపల పులుసు కొట్టు ఉండేది. ఒంటరి ఆడమనిషి నడిపేది, వాళ్ళమ్మతో..."

"మీ ఆవిడ కొట్టే కదా" అన్నాడు హ్యోన్.

"అప్పటికింకా మా ఆవిడ కాదు! కథలో ముందుకి ఉరక్కు. సరే, ఆ మనిషి నన్ను పిలిచి, అయ్యా పాన్సుగారూ, మా అమ్మ కాళ్ళు మంచుగడ్డల్లా ఉంటున్నాయి, బాయిలర్ పెట్టిస్తాను, ఏ పైపు వెయ్యమంటారు అనడిగింది. వేరేవాడైతే టేపు తీసేవాడు, కాగితం మీద గీతలు గీసేవాడు. నేనేం చేశాను? మేజోడు విప్పి, ఈ కుడి అరికాలు నేల మీద ఇలా ఆనించాను. ఆనించి ఒకే ఒక్క మాటన్నాను, అరంగుళం, మూడు పాయలు. అంతే. ఆవిడ అలా నిలబడిపోయింది."

"కాళ్ళు కడుక్కుని వెళ్ళావా లేదా?" అంది మేంగ్ అవ్వ.

నవ్వారు. నవ్వితే పాన్సుకి ఊపొస్తుంది. ప్యో కూడా నవ్వడం ఆయన ఓరకంట చూశాడు.

"నవ్వండి. నేల వేశాను, సిమెంటు ఆరింది, బాయిలర్ వెలిగించాం. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వాళ్ళమ్మ తలుపు దగ్గర పడుకున్నా గోడ దగ్గర పడుకున్నా ఒకటే వెచ్చన. ముసలావిడ దుప్పటి తన్నేసి, కాళ్ళు బారజాపుకుని నిద్రపోయింది. ఎంత సమంగా ఉందో చూద్దామని నేనేం చేశానంటే, కోడిగుడ్డొకటి ఆ మూల పెట్టాను, ఇంకోటి ఈ మూల పెట్టాను. మీరు నమ్మరు, రెండు గుడ్లూ ఒకే క్షణంలో చిట్లాయి, రెండు పిల్లలూ ఒకేసారి బయటికొచ్చి, ఇటుది అటూ అటుది ఇటూ నడుచుకుంటూ సరిగ్గా గది మధ్యలో ఎదురుపడ్డాయి. ఒక్క అడుగు తేడా లేదు!"

"కోడి అక్కర్లేకుండానే?" అన్నాడు హ్యోన్.

"కోడి వచ్చి చూసి, సిగ్గుపడి వెళ్ళిపోయింది."

ప్యో పొట్ట పట్టుకుని నవ్వాడు. ఇంతవరకూ చాలు, ఇక్కడ ఆపాలి అని పాన్సుకి తెలుసు. ముసలమ్మ కాళ్ళ సంగతి నిజమే, కోడిపిల్లలు కథకి ఉప్పు. కానీ ప్యో నవ్వు తుడుచుకుని మళ్ళీ కాంట్రాక్టర్ కాగితం జేబులోంచి తీశాడు. ఆ కాగితం చూడగానే పాన్సు నోరు దానంతటదే తెరుచుకుంది.

"కోడి సంగతి వదిలెయ్యి, సియోల్ బస్సు సంగతి విను. డ్రైవరు పులుసు తాగుదామని దిగాడు, ఒక్క క్షణం నడుం వాల్చాడు, ఇక లేస్తే ఒట్టు. ప్రయాణికులు డ్రైవర్ని లేపడానికి ఒక్కొక్కరే లోపలికి వచ్చారు, ఒక్కొక్కరే పడుకున్నారు. కండక్టరమ్మాయి టికెట్లు చింపుతూ చింపుతూ పడుకుంది. వెనక బస్సు వచ్చింది, వాళ్ళూ పడుకున్నారు. ఎదురు బస్సు వచ్చింది, వాళ్ళూనూ. దారి మీద ఈ కొసన సియోల్ దాకా ఆ కొసన సముద్రం దాకా ఖాళీ బస్సులు! గది చాలక జనాన్ని చేపల్లా ఒకరి పక్కన ఒకరిని, తల అటు ఒకరూ ఇటు ఒకరూ సర్దాల్సొచ్చింది. కాళ్ళు మాత్రం అందరివీ సమానంగా వెచ్చగా ఉన్నాయి. అది మనకి కావలసింది."

"మరి వాళ్ళు ఊళ్ళకి ఎలా వెళ్ళారు?" అన్నాడు ప్యో, కథలో పడిపోయి.

"కొందరు ఇంకా వెళ్ళలేదు. మన ఊళ్ళో మీ ప్యో ఇంటిపేరు వాళ్ళంతా ఎక్కణ్ణుంచి వచ్చారనుకున్నావు?"

చావడి గొల్లుమంది. మేంగ్ అవ్వ నవ్వుతూ తన చోటు నుంచి జానెడు జరిగింది, మళ్ళీ గుర్తొచ్చి వెనక్కి జరిగింది. ప్యో కాగితం బొంత మీద పడింది. ఎవరూ తియ్యలేదు.

"ఇదంతా అరంగుళం పైపుతోనేనండోయ్" అన్నాడు పాన్సు, వేలు పైకెత్తి. "వేడి ఇంట్లో ఇమడక గోడల కింద నుంచి బయటికి పాకింది. వెనక కొండ మీద నడుములోతు మంచు గంటలో కరిగింది. వసంతంలో పుయ్యాల్సిన జిందల్లే పూలు నడిచలికాలంలో గులాబిరంగులో గుప్పుమన్నాయి. కప్పలు లేచి, ఏంటి అప్పుడే వసంతమా అని ఒకదాన్నొకటి అడుగుతున్నాయి. హ్యోన్ తమ్ముడూ, మీ నాన్న దడుల మీద మ్యోంగ్తే చేపలు వేలాడుతున్నాయి కదా, కొయ్యముక్కల్లా గడ్డకట్టి? వాటికి వేడి తగిలింది. ఒకటి కన్ను తెరిచింది. రెండోది తోక ఆడించింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? అన్నీ దడుల మీంచి టపటపా దూకి, వరసగా, ఒకదాని తోక ఇంకోటి పట్టుకుని, కరిగిన మంచునీళ్ళలో కొండ దిగి తూర్పు సముద్రంలోకి వెళ్ళిపోయాయి!"

"ఆ ఏడు చేపలు అడవిపిల్లులు ఎత్తుకుపోయాయనేవాడు మా నాన్న" అన్నాడు హ్యోన్ ఆలోచనగా.

"పిల్లులు ఒడ్డున నిలబడి వీడ్కోలు చెప్పాయి."

ఇక్కడైనా ఆగాలి. అది పాన్సుకీ తెలుసు. కానీ చావడిలో అందరి మొహాలూ తన వంకే తిరిగి ఉన్నాయి. ఇలా తిరిగి ఎన్నాళ్ళయిందో. ఒకప్పుడు పైపుల చుట్ట భుజానేసుకుని ఏ ఇంటి గుమ్మంలో నిలబడ్డా ఆడవాళ్ళు, పిల్లలు ఇలాగే చూసేవాళ్ళు, వెచ్చదనాన్ని మోసుకొచ్చినవాణ్ణి చూసినట్టు. ఆ చూపుల ముందు నోరు మూసుకోవడం ఆయన శక్తికి మించిన పని.

"అక్కడితో ఆగిందా? వేడి ఉత్తరానికి పాకింది. కొండలు దాటింది, సరిహద్దు ముళ్ళకంచె కింద దూరింది. దానికి కంచె ఏం తెలుస్తుంది! కంచెకి ఇటు మన కుర్రాళ్ళు, అటు వాళ్ళ కుర్రాళ్ళు, తుపాకులు పట్టుకుని, మంచులో పళ్ళు టకటకలాడించుకుంటూ నిలబడ్డారు. ఇటువైపు కుర్రాడికి అరికాలు వెచ్చబడింది. అటువైపు వాడికీ వెచ్చబడింది. ఒకరికి తెలీకుండా ఒకరు బూట్లు విప్పారు. మేజోళ్ళు విప్పారు. ఆ రోజంతా రెండు సైన్యాలూ వట్టి కాళ్ళతో నిలబడి, ఒకరి కాళ్ళు ఒకరు చూసుకుని, వీడి బొటనవేలూ మా తమ్ముడి బొటనవేలూ ఒకేలా ఉన్నాయే అనుకున్నారట."

ఈసారి ఎవరూ వెంటనే నవ్వలేదు. మేంగ్ అవ్వ సొంత అన్న సరిహద్దుకి అటువైపే ఉండిపోయాడు. ఆవిడ కిటికీలోంచి మంచు వంక చూసి, "కొయ్యి, కొయ్యి. ఈ ఒక్కటీ బాగుంది" అంది నెమ్మదిగా.

ఆ నిశ్శబ్దం పాన్సుకి పడలేదు. జనం నవ్వకపోతే ఆయనకి చలేస్తుంది. గబగబా అందుకున్నాడు.

"అసలు కథ ఇప్పుడొస్తుంది! కొండ మీద గుహలో నిద్రపోతున్న ఎలుగుబంటికి నడుం కింద వెచ్చగా తగిలింది. ఎక్కణ్ణుంచా అని వాసన పట్టుకుంటూ వచ్చి కొట్టు తలుపు తట్టింది. ఎంత? ఈ చావడంత ఎలుగు! లోపల ఉన్నది ఆడమనిషి, వాళ్ళమ్మ. ఎలుగు చక్కగా కాళ్ళు దులుపుకుని, లోపలికి వచ్చి, గది మధ్యలో వెల్లకిలా పడుకుని గురక పెట్టింది. ఆ గురకకి పింగాణీ గిన్నెలు అల్మరాలో డాన్సు! పొద్దున్న లేచి, పెద్ద గిన్నెడు పులుసు తాగి వెళ్ళింది. మర్నాడు మళ్ళీ వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. ఆడకూతురు హడలిపోయి నన్ను పిలిచింది. నేనొచ్చాను. ఎలుగు చెవి పట్టుకుని..."

చల్లగాలి ఒక్కసారిగా లోపలికి కొట్టింది. తలుపు తెరిచి ఉంది. గుమ్మంలో బుల్లే నిలబడి, తలకి కట్టిన శాలువా మీద మంచు దులుపుకుంటోంది. మంచు ముదిరితే సాయంత్రం బస్సు రాదని ఎవరో చెబితే మధ్యాహ్నం బస్సుకే తిరిగొచ్చేసింది. ఎంతసేపయిందో అక్కడ నిలబడి.

పాన్సు చెయ్యి గాల్లోనే ఉండిపోయింది, లేని చెవి పట్టుకుని.

"ఆపావేం? కానియ్యి" అంది బుల్లే, బూట్లు విప్పుతూ.

"ఏం లేదు... పైపుల గురించి..."

"విన్నాను. ఆ ఎలుగుబంటి నాకు బాగా తెలుసు" అని బుల్లే ఉప్పురొయ్యల డబ్బా చల్లటి వైపు పెట్టి, వచ్చి మేంగ్ అవ్వ పక్కన కూర్చుంది. "పొద్దున్నే వచ్చేది. సిమెంటు ఆరిందో లేదో చూడాలనేది. ఆరిపోయాక, పాయలు సమంగా ఉన్నాయో లేదో చూడాలనేది. ఇక్కడ చెంప ఆనించి, అక్కడ చెంప ఆనించి, చివరికి గది మధ్యలో వెల్లకిలా పడుకుని గురక. పులుసు రెండు గిన్నెలు తాగేది. శీతాకాలమంతా వచ్చింది. వసంతం వచ్చింది, అయినా వచ్చింది. నేల వేసవిలో ఎలా ఉంటుందో చూడాలంది. ఇక దాన్ని నేల మీంచి లేపే దారి లేక పెళ్ళి చేసుకున్నాను."

నవ్వులకి చావడి పైకప్పు ఎగిరిపోయింది. హ్యోన్ పేకముక్కల మీద బోర్లా పడ్డాడు. పాన్సు చెవులు మిరపపొడి చల్లినట్టు ఎర్రబడ్డాయి.

"గురక అబద్ధం" అన్నాడాయన, ఎవరికీ వినబడకుండా.

ప్యో కళ్ళు తుడుచుకుని, "వదినా, మరి అరికాలు ఆనించి ఒక్క మాటలో పైపు చెప్పాడన్నది?" అన్నాడు.

"ఒక్క మాటా!" బుల్లే మొగుడి వంక చూసింది. పాన్సు చిలగడదుంప తొక్కలు పోగు చేసుకుంటున్నాడు. ఆవిడ గొంతు కొంచెం తగ్గించింది. "మొదట వేసింది లావు పైపే, తమ్ముడూ. గదంతా ముప్పావంగుళం. పొద్దున్న బాయిలర్ వెలిగిస్తే నేలకి మధ్యాహ్నానికి మెలకువ వచ్చేది. అప్పటికి పులుసుకి ఆగే బస్సులన్నీ వెళ్ళిపోయేవి, అమ్మ కాళ్ళు అలాగే ఉండేవి. నేనేమీ అనలేదు. ఈయనే ఒకరోజు వచ్చి, అమ్మ కాళ్ళు చేత్తో పట్టుకు చూశాడు. చూసి, సుత్తి తెచ్చుకుని, వేసిన నేలంతా తనే పగలగొట్టాడు. అప్పుడు వేశాడు, అంగుళం దారి, అరంగుళం పాయలు మూడు. ఆ తర్వాత అమ్మ బతికినన్నాళ్ళూ దుప్పటి కాళ్ళ మీదకి లాక్కోలేదు. కొట్టు మూసేశాం గానీ ఆ నేల ఇప్పటికీ అలాగే ఉంది, ఆ మూలా ఈ మూలా ఒకటే. కావాలంటే వచ్చి పడుకు చూడండి."

పాన్సు తల ఎత్తలేదు. అన్నేళ్ళుగా వెయ్యి కథల కింద పాతిపెట్టిన మాట అది. ఇప్పుడిక పట్నం కాంట్రాక్టరే వస్తాడనుకున్నాడు. తొక్కలు ఇంకా పోగు చేస్తూనే ఉన్నాడు, పోగు చెయ్యడానికి ఏమీ మిగలకపోయినా.

ప్యో బొంత మీద పడ్డ కాగితం తీశాడు. నాలుగు మడతలు పెట్టి, ఊగుతున్న పేకబల్ల కాలి కింద దూర్చాడు.

"అన్నా" అన్నాడు, "పగలగొట్టడం కుర్రాళ్ళు చూసుకుంటారు, నువ్వు వంగక్కర్లేదు. కుర్చీలో కూర్చుని ఎక్కడ ఏ పాయో చెప్తూ ఉంటే చాలు. ఎల్లుండి మొదలెడదామా?"

పాన్సు గొంతు సవరించుకున్నాడు. నోరు తెరిచాడు గానీ, ఆయన జీవితంలో మొదటిసారి అందులోంచి ఏమీ రాలేదు. ఊరికే తల ఊపాడు. బుల్లే ఆయన సగం తిన్న చిలగడదుంప తీసుకుని, మిగతా సగం తినేసింది.

మేంగ్ అవ్వ మాత్రం తన వెచ్చటి చోటు కదలకుండా, ఆయన్ని కిందా మీదా ఒకసారి చూసింది.

"వెయ్యి నాయనా, బాగా వెయ్యి. కానీ ముందే చెప్తున్నా, ఆరిందో లేదో చూడాలని రోజూ వచ్చి ఇక్కడ పడుకున్నావంటే మాత్రం, నిన్ను పెళ్ళి చేసుకునే ఓపిక నాకీ వయసులో లేదు."